ఎవరూ లేని సముద్రం

మా ఇంటి పాత ఆల్బము చివరి పేజీలో ఒక ఫొటో ఉంది. 1994 వేసవిలో ఉప్పాడ ఒడ్డున మా బాబాయి తీసినది. నాన్న తన చేతక్ స్కూటరుకు ఆనుకుని నిలబడ్డాడు, తొమ్మిదేళ్ళ నేను స్కూటరు ముందుభాగంలోకి ఎక్కి హ్యాండిల్ పట్టుకున్నాను. మా వెనక సరుగుడు తోట, తోటకు ఈవల ఒక తాటాకు పాక, పాక పక్కన కొంచెం ఒరిగిన కరెంటు స్తంభం ఉన్నాయి. బాబాయి మీట నొక్కే క్షణానికి తలమీద చేపల గంపతో ఒకావిడ ఎడమ పక్కనుంచి నడుచుకుంటూ వచ్చింది. అందువల్ల ఆవిడ సగం ఫొటోలో ఉంది, సగం బయట ఉండిపోయింది. కాకినాడలో రీలు కడిగించి తెచ్చిన రోజున నాన్న ఆ ఫొటో చూసి, "ఆవిడ దాటిపోయేదాకా ఆగలేకపోయావురా" అని బాబాయిని కోప్పడ్డాడు. 36 ఫొటోల రీలులో అది పాడైపోయినదాని కిందే లెక్క, కాబట్టే దానికి చివరి పేజీ దక్కింది.

ముప్పై ఏళ్ళు గడిచాక, మా ఇంట్లో ఉన్న సముద్రపు ఫొటోలన్నిటిలోకీ విలువైనది అదేనని నాకు తెలిసొచ్చింది. ఆ తోట ఇప్పుడు లేదు, పాక లేదు, స్తంభం లేదు, అవి నిలబడిన నేల కూడా లేదు. ఆ మధ్య ఆ ఫొటోను ఫోనులోకి ఎక్కించుకుని చోటు వెతుక్కుంటూ వెళ్ళినప్పుడు, రాళ్ళ గట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన ఫోను అందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తోటను గుర్తుపట్టలేదు, నాన్న స్కూటరును అసలు పట్టించుకోలేదు. పాకనూ, గంప ఎత్తుకున్నావిడ నడిచివస్తున్న దిక్కునూ చూసి, "ఇది పాత దారండి. గంపలు ఇటునుంచే తెచ్చేవోరండి. అదుగోండి, ఆ పడవ ఊగుతుంది కదండి, అక్కడుండేదండి" అని నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. నాన్న దృష్టిలో ఫొటోను పాడుచేసిన ఆ మనిషే లేకపోతే, అది ఎక్కడ తీసిందో చెప్పగలిగేవాళ్ళు నాకు దొరికేవారు కారు.

సెలవులకు సముద్రతీరాలకు వెళ్ళే మనం ఫొటో తీసేటప్పుడు శ్రద్ధగా ఏరి పక్కన పెట్టే మనుషులు, వలలు, కరెంటు తీగలు, రాళ్ళ గట్లు, ఎండబెట్టిన చేపలు, టీ బడ్డీలే కొన్నేళ్ళకు ఆ ఫొటోకు ప్రాణమవుతాయనీ, మనం వెంటపడే "ఎవరూ లేని సముద్రం" ఏ ఊరిదీ కాని, ఏ రోజుదీ కాని ఉత్త బొమ్మ అనీ నాకు నమ్మకం కుదిరింది. ఈ మాట ఒకరికి బుద్ధి చెప్పడానికి అనడం లేదు. ఆ పని అందరికంటే ఎక్కువ చేసినవాణ్ణి నేనే. హైదరాబాదులో కారు కొన్నప్పటినుంచి సంక్రాంతికో, వేసవికో, దసరాకో కుటుంబమంతా సముద్రం వైపు బయలుదేరుతూనే ఉన్నాం. బాపట్ల దగ్గర సూర్యలంక, అంతర్వేది, కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ, ఇలా తీరం పొడవునా ఆగిన ప్రతిచోటా మెడలో కెమెరాతో, ఎదుట ఎవరూ లేని ఇసుక కోసం కాచుకుని నిలబడ్డాను.

కిందటేడు మా అమ్మాయి నాకొక పరీక్ష పెట్టింది. హార్డ్ డిస్కులోంచి ఇరవై ఫొటోలు ఏరి, ఫోల్డరు పేర్లు కనిపించకుండా ఒక్కొక్కటే చూపిస్తూ "ఇదెక్కడ నాన్నా?" అని అడిగింది. ఏడింటికి మాత్రమే జవాబు చెప్పగలిగాను. ఆ ఏడింటిలోనూ నాకు ఆనవాలు పట్టించింది సముద్రం కాదు; ఒకదానిలో దీపస్తంభం, ఒకదానిలో పడవ ముక్కుకు వేసిన రంగులు, ఒకదానిలో మా ఆవిడ చేతిలో ఉన్న మొక్కజొన్న కంకికి చుట్టిన తెలుగు దినపత్రిక ముక్క. మిగిలిన పదమూడూ చూడ ముచ్చటగానే ఉన్నాయి. నీలం పైన నీలం, మధ్యలో తెల్లటి నురగ, కింద నున్నటి ఇసుక. అవి రుషికొండవో, సూర్యలంకవో తీసిన నాకే తెలియకపోతే ఇక చూసేవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఫోన్లలో ఫొటోలోని మనుషులను వేలితో తుడిచేసే సౌకర్యం కూడా వచ్చింది. భీమిలిలో ఒక సాయంత్రం గోస్తని సముద్రంలో కలిసే చోట తీసిన ఫొటోలో, ఒడ్డున గాలానికి ఎర గుచ్చుతున్న కుర్రవాడొకడు అడ్డు వచ్చాడని తుడిచేశాను. ఫోను అతని స్థానంలో ఎంతో పొందికగా ఇసుక పరిచింది. రెండు నెలల తరువాత ఆ ఫొటోను పెద్దది చేసి గోడకు పెట్టుకుందామని చూసినప్పుడు, తడి ఇసుక మీద అతని నీడ అలాగే ఉండిపోవడం కనిపించింది. మనిషి లేడు, ఒంగిన వీపు నీడ ఉంది, చేతిలోని గాలపు కర్ర నీడ ఉంది. దాన్ని గోడకు పెట్టలేదు. పారేయనూ లేదు, ఎందుకంటే నా పనితనం మీద అంతకంటే నిజాయితీ గల విమర్శ మరొకటి లేదు.

మన కళ్ళలో స్థిరపడిపోయిన ఆ ఖాళీ సముద్రపు బొమ్మ మన తీరానిది కూడా కాదేమో. క్యాలెండర్లూ, సినిమా పాటలూ నేర్పిన ప్రకారం బీచ్ ఫొటో అంటే సాయంత్రం, నీళ్ళలోకి దిగుతున్న నారింజ రంగు సూర్యుడు, ఎదురుగా నల్లటి నీడలా నిలబడిన జంట. అది గోవాలో, గోకర్ణలో, వర్కలలో సహజంగా దొరికేది. మన సముద్రం తూర్పున ఉంది. మనకు సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు తప్ప నీళ్ళలోకి దిగడు. అయినా విశాఖ బీచ్ రోడ్డులో సాయంత్రం అయిదింటికి కార్లు ఆపి సూర్యాస్తమయం ఎక్కడ బాగా కనిపిస్తుందని అడిగేవాళ్ళను ప్రతి సెలవుల్లోనూ చూస్తాను. ఒకప్పుడు నేనూ అడిగాను. బజ్జీల బండి ఆయన నా వెనక ఉన్న కొండల వైపు గరిటె చూపించి ఊరుకున్నాడు.

తూర్పు తీరానికి తనదైన గడియారం ఉంది. విశాఖలో మే నెలాఖరున 5:20 ప్రాంతంలోనే సూర్యుడు వచ్చేస్తాడు, జనవరిలో 6:30 దాకా ఆగుతాడు. సముద్రానికి ఎదురుగా నిలబడితే వేసవిలో ఎడమ పక్కకు, భీమిలి వైపు జరిగి లేస్తాడు, చలికాలంలో కుడివైపుకు వచ్చి నడిసముద్రం మీద లేస్తాడు. ఈ తేడా తెలియక, జనవరిలో ఒక రాతి పక్కన సూర్యుణ్ణి పెట్టి తీసిన ఫొటోను మేలో మళ్ళీ తీయబోయి భంగపడ్డాను. ఇక సాయంత్రాలకు వస్తే, సూర్యుడు వెనక కొండల మాటుకు దిగిన పది నిమిషాలకు సముద్రం అంచున నీలమూ బూడిదా కలిసిన పట్టీ ఒకటి మెల్లగా లేవడం మొదలుపెడుతుంది, దాని మీద లేత గులాబి రంగు అంచు ఉంటుంది. అది మబ్బు కాదు, భూమి నీడ. మనం నిలబడిన నేల తన నీడను తానే ఎదుటి ఆకాశం మీద వేసుకోవడం. పడమటి తీరంలో సముద్రం వైపు తిరిగి నిలబడినవాడికి సాయంత్రం పూట కనిపించని దృశ్యం ఇది. అలాగే పున్నమికి ముందురోజు, చతుర్దశినాడు, చంద్రుడు సూర్యుడు కుంకక ముందే నీళ్ళలోంచి పైకి వచ్చేస్తాడు కాబట్టి ఆకాశంలో వెలుగు మిగిలి ఉండగానే చంద్రుడూ, పడవలూ, ఒడ్డున మనుషుల ముఖాలూ ఒకే ఫొటోలో సరిపడా వెలుగుతో దొరుకుతాయి. పున్నమినాటికి చీకటి ముంచుకొస్తుంది, చంద్రుడు తెల్లటి చుక్కగా మాడిపోతాడు. పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకునే ఇళ్ళలో పుట్టినవాళ్ళం, ఫొటో కోసం కూడా ఒకసారి చూస్తే పోయేదేమీ లేదు.

ఈ తూర్పు ఉదయాలే నన్ను మనుషుల వైపు తిప్పాయి. ఎవరూ లేని ఒడ్డు కోసం నేను అయిదింటికి లేచి వెళ్తే, అప్పటికే అక్కడ ముప్పై మంది పనిలో ఉండేవారు. అలివి వల లాగుతున్న రెండు జట్లు ఒకదానికొకటి చాలా ఎడంగా, నడుముకు తాడు చుట్టుకుని వెనక్కి వాలి అడుగులో అడుగు వేసుకుంటూ ఉంటాయి. వల దగ్గరపడేకొద్దీ రెండు జట్లూ కూడా దగ్గరకు జరుగుతూ వస్తాయి, చివరికి వల మూతి ఇసుక మీదికి వచ్చేసరికి అందరూ ఒకచోట గుమిగూడి ఉంటారు. దీనికి రెండు మూడు గంటలు పడుతుంది. ఫొటోలు తీసేవాళ్ళలో నాలాంటివాళ్ళు మొదటి పది నిమిషాలలో సూర్యుడికి అడ్డంగా తాడు లాగే ఒక నల్లటి ఆకారాన్ని తీసుకుని హోటలుకు ఇడ్లీకి వెళ్ళిపోతారు. అసలు సంగతంతా ఆ తరువాతే ఉంటుంది. పైన గద్దలు తిరగడం, సంచిలో వెండిలా కొట్టుకుంటున్న కవళ్ళు, మధ్యలో చిక్కుకున్న ప్లాస్టిక్ సీసాలు, వాటిని విసిరి పారేసే కుర్రాళ్ళు, స్టీలు బేసిన్లు పట్టుకుని అప్పటికే బేరం మొదలుపెట్టిన ఆడవాళ్ళు, రెండు గంటలు లాగినా వలలో ఏమీ పడకపోతే ఎవరి ముఖమూ ఎవరూ చూసుకోకుండా తాడు చుట్టలు చుట్టుకోవడం. ఆ చివరి దానిని నేను ఇంతవరకు ఫొటో తీయలేకపోయాను. కెమెరా ఎత్తడానికి చెయ్యి రాలేదు.

మే నెల ఫొటోల గురించి ఒక్క మాట చెప్పాలి. పిల్లల సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవలనూ ఇంజను బిగించిన పడవలనూ సముద్రంలోకి పోనివ్వరు. అంటే మన తీరానికి అత్యధికంగా ఫొటోలు తీసే కాలం, తీరం ఖాళీగా కూర్చున్న కాలం ఒకటే. రంగురంగుల పడవలు వరుసగా ఇసుక మీద సేదదీరుతున్నట్టు కనిపించే ఆ ఫొటోల కింద "ప్రశాంతత" అని రాసి నేనే ఎన్నో సార్లు పెట్టాను. ఆ పడవలవాళ్ళు ఆ రెండు నెలలూ ప్రభుత్వం ఇచ్చే భృతి కోసం ఎదురుచూస్తూనో, వలలు అల్లుకుంటూనో, కూలికి పోతూనో గడుపుతారని తెలిశాక ఆ మాట తీసేసి తేదీ ఒక్కటే రాయడం మొదలుపెట్టాను. మే 12 అని రాస్తే చాలు, తెలిసినవాడికి కథంతా అందులోనే ఉంటుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది న్యాయమైనదే. పని చేసుకునేవాళ్ళను వాళ్ళ అనుమతి లేకుండా తీసి, మన సెలవులకు అలంకారంగా వాడుకోవడం కంటే వాళ్ళను వదిలేసి నీళ్ళను తీసుకోవడమే మర్యాద కదా అని ఒక మిత్రుడు అన్నాడు. దీనికి నా దగ్గర సిద్ధాంతం లేదు, ఒక అనుభవం ఉంది. భీమిలి దాటాక ఒక పల్లెలో నెత్తళ్ళు ఎండబెడుతున్న ఒకామెను దూరం నుంచి జూమ్ చేసి తీస్తుంటే ఆమె తలెత్తి, "ఏటి బాబూ, సేపల్ని ఫొటో తీత్తన్నావు, కొంతావా ఊరికేనా?" అని కేకేసింది. సిగ్గుపడి దగ్గరకు వెళ్ళాను, కిలో నెత్తళ్ళు కొన్నాను, కారంతా నాలుగు రోజులపాటు కంపుకొట్టింది, మా ఆవిడ ఆ నాలుగు రోజులూ నాతో మాట్లాడడం తగ్గించింది. కానీ దగ్గరకు వెళ్ళాక తీసిన ఫొటోలో ఆమె నవ్వుతూ నా వైపు చూస్తోంది, చేతిలో తక్కెడ ఉంది, వెనక ఆమె ఇంటి గుమ్మం కనిపిస్తోంది. ఆ ఫొటో పంపిస్తానని మాట ఇచ్చి పంపలేదు. మరుసటేడు ప్రింటు వేయించి తీసుకెళ్ళి ఇస్తే, "వొచ్చినావా" అంది తప్ప ఆశ్చర్యపోలేదు. దూరం నుంచి దొంగచాటుగా తీసిన మొదటి ఫొటో కూడా నా దగ్గర ఉంది; రెండూ పక్కపక్కన పెడితే మర్యాద ఏ ఫొటోలో ఉందో నా మిత్రుడికి కూడా అర్థమైంది.

"ప్రకృతి అందాన్ని మనుషుల చేతిపని పాడుచేస్తోంది, అందుకే దాన్ని ఫొటోలోంచి తప్పిస్తాం" అనే వాదన కూడా విన్నాను. మన తీరాలలో ప్రకృతి ఎక్కడ ముగిసి చేతిపని ఎక్కడ మొదలవుతుందో చెప్పడం అంత తేలిక కాదు. విశాఖ ఆర్కే బీచ్‌నే తీసుకుందాం. మన తీరం వెంబడి అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువగా నెట్టుకుపోతాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ఓడరేవు కోసం కట్టిన రాతి అడ్డుగోడలు ఆ ఇసుక దారికి అడ్డుపడతాయి, అందువల్ల ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు రావలసిన ఇసుక రాదు, ఒడ్డు కోసుకుపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఓడరేవు వాళ్ళు తవ్వితీసిన ఇసుకను తెచ్చి బీచ్ మీద పోయిస్తుంటారు. మనం "సహజమైన బంగారు ఇసుక" అనుకుని తీసే దానిలో గొట్టంలోంచి వచ్చి పడినది కూడా కలిసి ఉంటుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన ఆ యుద్ధకాలపు కాంక్రీటు బంకరు ఒకటి ఒడ్డున ఉంది. ఒక్కో ఏడు అది ఇసుకలో మునిగి ఉంటుంది, ఒక్కో ఏడు పునాది దాకా బయటపడుతుంది. ఫొటోకు అందం తెచ్చే వస్తువు కాదు, గోడలమీద ప్రేమికుల పేర్లున్నాయి. కానీ అది ఉన్న ఫొటోలన్నిటినీ తేదీల వరుసలో పేర్చితే ఏ ఏడు ఇసుక ఎంత ఉందో కొలతబద్ద పెట్టి చెప్పినట్టు కనిపిస్తుంది. 2020 అక్టోబరులో ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ సరకు నౌక తెన్నేటి పార్కు కింది రాళ్ళ మీదికి కొట్టుకొచ్చి ఇరుక్కున్నప్పుడు నగరమంతా వెళ్ళి దానిని ఫొటోలు తీసింది. అప్పుడు మాత్రం ఎవరూ "నీళ్ళు కనిపించకుండా ఓడ అడ్డొచ్చింది" అనలేదు. అడ్డొచ్చేది చిన్నదైతేనే మనకు చిరాకు.

ఉప్పాడ సంగతి ఇంకా పెద్దది. గోదావరి తెచ్చిపోసిన ఇసుక ఉత్తరానికి సాగి, హోప్ ఐలాండ్ అనే పొడవాటి దిబ్బగా కాకినాడ రేవుకు అడ్డుగా నిలబడింది. దాని చాటున ఉన్న కాకినాడకు అది రక్షణ అయింది, దాని కొస దాటాక ఉన్న ఉప్పాడ మీద అలల తాకిడి పెరిగింది. పైన నది మీద ఆనకట్టలు కట్టాక సముద్రానికి చేరే మట్టీ ఇసుకా కూడా తగ్గాయి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట పూర్తయింది 1852లోనే. 2010 ప్రాంతంలో ఉప్పాడ తీరం వెంట ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలను, జియోట్యూబులను, పరిచి పైన రాళ్ళు పేర్చారు, తుఫానులు వాటినీ చీల్చాయి. కాకినాడ నుంచి ఉప్పాడకు వెళ్ళే బీచ్ రోడ్డు తుఫాను వచ్చినప్పుడల్లా కొరుక్కుతిన్నట్టు తెగిపోవడం, మళ్ళీ వేయడం ఆ దారిన ప్రయాణించే అందరికీ అలవాటైన విషయమే. ఆ రోడ్డు మీద కారు ఆపి, విరిగిన తారును తప్పించి, రాళ్ళను తప్పించి, సముద్రాన్ని మాత్రం తీసుకుని వెళ్ళేవాళ్ళు తీసింది ఉప్పాడను కాదు. ఆంధ్ర తీరం పొడవు 974 కిలోమీటర్లని బడిలో చదువుకున్నాం. కొత్తగా మరింత సన్నని కొలతతో లెక్కగట్టి 1,053 కిలోమీటర్లు అంటున్నారు. కొలతబద్ద చిన్నదయ్యేకొద్దీ వంకరలన్నీ లెక్కలోకి వచ్చి తీరం పొడవు పెరుగుతుంది. నాకు ఆ లెక్కలో ఒక ఓదార్పు ఉంది. దగ్గరగా చూసేవాడికి తీరం ఎక్కువ దొరుకుతుంది.

ఇది మన పేదతీరాల గోడు మాత్రమే అనుకోనక్కరలేదు. కాలిఫోర్నియాలో ఉండే మా పిన్ని కొడుకు లాంగ్ వీకెండ్ వస్తే చాలు, హైవే వన్ మీద బిగ్ సర్ దాకా కారు తోలుకుపోయి ఫొటోలు పంపిస్తాడు. ఆ దారిలో 1932లో కట్టిన బిక్స్‌బీ క్రీక్ వంతెన ఫొటో లేని తెలుగు వాట్సాప్ గ్రూపు బే ఏరియాలో ఉండదని నా అనుమానం. అక్కడినుంచి ఇంకా కిందికి వెళ్తే మెక్‌వే జలపాతం ఉంది. పచ్చటి నీళ్ళ పక్కన తెల్లటి చిన్న ఇసుక తీరం, దాని మీద సన్నగా పడుతున్న ధార. మనిషి అడుగు పడని స్వర్గంలా ఉంటుంది. ఒకప్పుడు ఆ ధార నేరుగా సముద్రంలోనే పడేది. 1980లలో కొండచరియ విరిగిపడి, ఆ మట్టీ రాళ్ళూ కొట్టుకొచ్చి చేరితే ఆ ఇసుక తీరం ఏర్పడింది. మా తమ్ముడికి ఈ మాట చెబితే, అతడు వెతికి వెతికి ఇసుక లేని పాత ఫొటో ఒకటి సంపాదించాడు. ఎవరో కుటుంబంతో వెళ్ళి తీసుకున్నది. ముందు ఒక ముసలావిడ ఉంది, ఆవిడ టోపీ జలపాతాన్ని సగం కప్పేసింది.

అయితే సెలవులకు వెళ్ళి ఏం చేయాలి అంటే, నేను మార్చుకున్న అలవాట్లు చాలా కొద్ది. వాటిలో ముఖ్యమైనది, ఒక్క రోజులో ఎనిమిది "పాయింట్లు కవర్ చేయడం" మానేయడం. ఆర్కే బీచ్, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, తెన్నేటి పార్కు, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి అని డ్రైవరు వేళ్ళమీద లెక్కపెట్టే ఆ 30 కిలోమీటర్ల దారిలో మేము ఇప్పుడు రెండుచోట్ల ఆగుతాం. ఎర్రమట్టి దిబ్బలలో మరీ జాగ్రత్తగా తిరుగుతాం. సముద్ర మట్టం ఇప్పటికంటే ఎంతో కిందికి దిగిపోయిన కాలంలో గాలి తెచ్చి పోసిన ఇసుక వేల ఏళ్ళలో ఎర్రబారి గట్టిపడినవి అవి, మంచి కోణం కోసం అంచుల మీదికి ఎక్కితే ఒక్క కాలి కింద ఎన్ని వందల ఏళ్ళు రాలతాయో తెలియదు. రెండో అలవాటు, ప్రతి ఊళ్ళోనూ ఒక చోటు ఖాయం చేసుకుని ఎప్పుడు వెళ్ళినా అక్కడినుంచే, అదే లెన్సుతో, అదే దిక్కుకు ఒక ఫొటో తీయడం. భీమిలిలో నా చోటు గోస్తని ముఖద్వారం ఎదురుగా ఒక మెట్టు. ఆరేళ్ళ ఫొటోలలో నది నోటి దగ్గర ఇసుక మేట ఒకసారి కుడికి సాగింది, ఒకసారి సగం మూసుకుంది, ఒకసారి దాని మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఏ ఒక్క ఫొటో కూడా గొప్పది కాదు. అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర కూడా ఇదే పని మొదలుపెట్టాను. నరసాపురం నుంచి పంటు మీద నది దాటి వెళ్ళే ప్రయాణమే సగం ఆల్బము అవుతుంది. వరదల కాలంలో ఎర్రటి నీరూ నీలపు నీరూ మధ్య గీత ఎక్కడ పడిందో చూసుకుంటే, ఆ ఏటి గోదావరి ఎలా వచ్చిందో తెలుస్తుంది.

పరికరాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు కానీ, ఒక్క విషయంలో నేను చాలా నష్టపోయాను. వేసవిలో ఏసీ కారులోంచి కెమెరా బయటకు తీయగానే మన తీరపు గాలికి లెన్సంతా మంచు పట్టినట్టు మసకబారుతుంది. చొక్కా అంచుతో తుడిస్తే మళ్ళీ పడుతుంది, పైగా దాని మీద అప్పటికే చేరిన ఉప్పు అద్దాన్ని గీరుతుంది. సముద్రం ఇంకా పది నిమిషాల దూరంలో ఉండగానే కారు ఏసీ ఆపి కిటికీలు దించితే చాలు. పిల్లలు గొణుగుతారు, కెమెరా మాత్రం సిద్ధంగా ఉంటుంది. ఇక డ్రోను ఉన్నవాళ్ళు విశాఖలో నౌకాదళానికి తూర్పు ప్రధాన కేంద్రం ఉందని మరవకూడదు; ఏ చోట ఎగరవేయవచ్చో, ఎక్కడ కూడదో 2021 డ్రోన్ నియమాల ప్రకారం ముందే మ్యాపులో చూసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ మీద ఫ్లాష్ వేసేవాళ్ళతో నాకు వాదన లేదు, కోపమే ఉంది.

"మేం విశ్రాంతికి వెళ్తున్నాం, చరిత్ర రాయడానికి కాదు" అని మా ఆవిడ అన్నప్పుడు నేను జవాబు చెప్పలేదు. ఆమె మాట నిజమే, రోజంతా కెమెరా వెనక ఉండే భర్త ఎవరికీ అక్కరలేదు. అందుకే ఇప్పుడు ఉదయం ఒక గంట, సాయంత్రం అరగంట అని మా మధ్య ఒప్పందం ఉంది, మిగతా సమయమంతా కెమెరా సంచిలో ఉంటుంది. ఆ గంటన్నరలో తీసినవాటిలోంచే ఏడాదికి ఇరవై ఫొటోలు ప్రింటు వేయించి, వెనక పెన్సిలుతో ఊరు, తేదీ, ఎక్కడ నిలబడి తీశానో, కనిపించేవాళ్ళ పేర్లు తెలిస్తే అవీ రాస్తున్నాను. బాబాయి ఆ 1994 ఫొటో వెనక ఏమీ రాయలేదు. ఆ గంప ఆవిడ పేరు ఉప్పాడలో ఇద్దరు ముగ్గురిని అడిగాను; ముఖం సగమే ఉండటం వల్ల ఇంకా తేలలేదు.

ఈ సంక్రాంతికి మళ్ళీ వెళ్తున్నాం. నాన్నకు ఇప్పుడు డెబ్భై ఆరు, రాళ్ళ మీద నడవలేడు, కాబట్టి కుర్చీ ఒకటి డిక్కీలో వేసుకుని, వల బాగుచేసే పెద్దాయన కూర్చునే గట్టు పక్కనే వేద్దామనుకుంటున్నాను. సూర్యోదయం ఆరున్నరకు. బాబాయి ఫొటో తానే తీస్తానని ఫోను చేసి చెప్పాడు, ఎవరు అడ్డొచ్చినా ఆగనని కూడా అన్నాడు.